ఆమె గుండె నొప్పికి ‘గ్యాస్’ అని పేరు పెట్టవద్దు

మన ఇళ్లలో పురుషునికి ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆటో పిలుస్తాం. స్త్రీకి వస్తే ‘గ్యాస్’ అంటాం, సోడా తాగించి పడుకోమంటాం. వంశంలో కొలెస్ట్రాల్ జబ్బు ఉన్న కుటుంబాలలో ఈ తేడా ప్రాణాంతకం.

చెడు కొలెస్ట్రాల్ పుట్టుకతోనే అధికంగా ఉండే జన్యులోపం ప్రపంచంలో సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది. సన్నగా ఉన్నా, నూనె తగ్గించినా ఇది పోదు. చికిత్స లేకుంటే ఈ లోపం ఉన్న స్త్రీలలో దాదాపు 30 శాతం మందికి 60 ఏళ్ల లోపే గుండె జబ్బు వస్తుంది. తల్లిదండ్రులిద్దరిలో ఈ లోపం ఉంటే, ప్రతి బిడ్డకూ రెండు వైపుల నుంచీ అది సంక్రమించే అవకాశం నాలుగింట ఒక వంతు. అలాంటి పిల్లలకు బాల్యంలోనే గుండెపోటు రావచ్చు. దగ్గరి సంబంధాలు కలుపుకునే కుటుంబాలలో ఈ ప్రమాదం ఎక్కువ. రాయలసీమలో మేనరికాలు అన్ని మతాలలోనూ ఉన్నాయి కనుక దీనిని ఒక సమాజంపై నింద మోపడానికి వాడకూడదు.

మడమ వెనుక, వేళ్ల కణుపులపై గట్టి బుడిపెలు, దగ్గరి బంధువులకు చిన్న వయసులో గుండెపోటు, రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ 190 దాటడం దీని ఆనవాళ్లు. గుండెపోటు వచ్చిన స్త్రీకి ఛాతీ నొప్పితో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, దవడలోనో వీపులోనో నొప్పి, ఆయాసం, చల్లని చెమట, వాంతి, అంతుచిక్కని నీరసం కనిపించవచ్చు.

అప్పుడు కువైట్‌లో ఉన్న భర్త ఫోన్ ఎత్తేదాకా ఆగనవసరం లేదు. ఈసీజీ తీసేది పురుషుడని సంకోచించనవసరం లేదు. ప్రాణాపాయంలో చికిత్సను మన ధర్మం అడ్డుకోదు. 108కు ఫోన్ చేయాలి. వంశంలో ఉన్న జబ్బు సంగతి ముందుగానే వైద్యులకు చెప్పాలి, ఈసీజీ తీయమని అడగాలి.

సమాజం మేలుకుంటే సరిపోదు, ప్రభుత్వమూ కదలాలి. 1957లో వైద్య కళాశాల వచ్చిన కర్నూలుకు గానీ, 2006లో రిమ్స్ వచ్చిన కడపకు గానీ మారుమూల పల్లె నుంచి చేరేసరికి విలువైన సమయం కరిగిపోతుంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ, దానిని తీయగల మహిళా సిబ్బంది ఉండాలి. ఒకరికి జబ్బు బయటపడితే ఆ కుటుంబమంతటికీ ఉచిత రక్తపరీక్ష చేయాలి. ఇది మేము దయగా కోరడం లేదు, హక్కుగా అడుగుతున్నాం.