లెక్కకు రానివారు

2003 ఏప్రిల్ నెలలో మన పార్లమెంటు ఇరాకు యుద్ధమును గూర్చి ఒక తీర్మానము చేసినది. అమెరికా, బ్రిటను సేనలు ఆ దేశమున ప్రవేశించి అప్పటికి మూడు వారములు. తీర్మానములో ఏ మాట వాడవలెనన్న విషయమై పెద్ద వాదమే నడచినది. యుద్ధమును ఖండించి తీరవలెనని ప్రతిపక్షములు పట్టుపట్టినవి. అంత కటువైన మాట వలదని ప్రభుత్వము వెనుకాడినది. తుదకు హిందీలోని 'నిందా' అన్న పదముతో ఇరుపక్షములు సమాధానపడినవి. కావలసినవారు దానిని ఖండన యనుకొనవచ్చును, కావలసినవారు ఆక్షేపణ యనుకొనవచ్చును.

తెలుగు బోధించుకొని బ్రదుకువారము గనుక ఈ ముచ్చట మమ్ము మొదటినుండి ఆకర్షించినది. అదే పదము తెలుగులోనికి వచ్చినచో రంగు మారిపోవును. మనకు నింద యనగా ఒకరిపై మోపునది. అందులో సగము అబద్ధపు వాసన ఉండును. నీలాపనిందలను గూర్చి వినని తెలుగువాడు లేడు. ఇక 'ఖండించుట' యన్నచో, మన భాషలో నరకుటయు అదే, తప్పుపట్టుటయు అదే.

బాగ్దాదుపై బాంబులు పడుచుండగా ఢిల్లీలో నిఘంటువు తిరుగవేయుట ఏమిటని పరిహసింపవచ్చును. మేము పరిహసింపము. ఇరాకుకు సైన్యమును పంపుమని అమెరికా కోరగా, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశము లేనిదే పంపజాలమని ఆ సంవత్సరమే జూలై 14న భారత ప్రభుత్వము తెలిపినది. సభ ఒక్క కంఠముతో పలికిన మాట, ఎంత మెత్తనిదైనను, ఆ నిర్ణయము వెనుక కొంత పని చేసినదనియే మా నమ్మకము.

అన్ని దేశములలోను ఆ యుద్ధముపై ఇట్టి వాదములే చెలరేగినవి. మార్చి 1న టర్కీ పార్లమెంటులో అమెరికా సేనలకు దారి ఇచ్చుటకు అనుకూలముగా 264, ప్రతికూలముగా 250 ఓట్లు వచ్చినవి. అయినను హాజరైనవారిలో సగమునకు మించలేదు గనుక తీర్మానము వీగిపోయినది. బ్రిటనులో రాబిన్ కుక్ మంత్రిపదవిని విడిచినాడు. మరునాడు కామన్సు సభ 412 ఓట్లతో యుద్ధమునకు సమ్మతించినది. కాదన్నవారు 149 మంది. అంతకు నెల ముందు, ఫిబ్రవరి 15న, లండను వీధులలో లక్షలాది జనులు నడచిరి. నడచినవారు చెప్పినదే నిజమైనది. ఏ ఆయుధముల పేరు చెప్పి యుద్ధము మొదలిడినారో ఆ ఆయుధముల నిల్వలు లేవని 2004లో అమెరికా పంపిన అన్వేషణ బృందమే తేల్చినది. ఈ వాదమును ఇంక పెంచము. అది తీరిపోయిన వాదము.

తీరనిది మరియొకటి కలదు. చచ్చినవారెందరు?

అమెరికా సైనికులు ఇంచుమించు 4,500 మంది, బ్రిటను సైనికులు 179 మంది. ఈ లెక్కలలో సందేహము లేదు. ప్రతివానికిని పేరు, ఊరు, తేదీ కలవు. ఇరాకీల విషయమునకు వచ్చుసరికి అంకెలు మంచులో కరగిపోవును. శవముల లెక్క మా పని కాదని అమెరికా సేనాపతి టామీ ఫ్రాంక్స్ అఫ్గానిస్తాన్ యుద్ధకాలముననే చెప్పియున్నాడు. 2005 డిసెంబరులో అధ్యక్షుడు బుష్, ఒకరు అడుగగా, అటుఇటుగా ముప్పదివేలు అన్నాడు. 2006లో పరిశోధకులు 1,849 ఇండ్లకు పోయి అడిగి, యుద్ధము రాకున్నచో బ్రదికియుండెడివారు సుమారు 6,55,000 మంది మరణించిరని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఇరాకు ప్రభుత్వమును కలిసి చేసిన సర్వే, అదే సంవత్సరము జూను వరకు హింస వలన చనిపోయినవారు 1,51,000 అని చెప్పినది. రెండును ఒకే కొలత కావు. ఒకటి హింసామరణములనే చూపును. మరియొకటి మందు దొరకక, ఆసుపత్రి లేక పోయినవారిని సహితము కలుపుకొనును. అయినను ఈ అంతరము సామాన్యమైనది కాదు.

లాన్సెట్ సర్వేపై వచ్చిన విమర్శలను మేము కొట్టివేయము. ఇండ్లను ఎంచుకొన్న తీరుపై శాస్త్రజ్ఞులే ప్రశ్నలు వేసినారు. వివరములు బయటపెట్టలేదని ముఖ్య పరిశోధకుని ఒక వృత్తిసంఘము 2009లో తప్పుపట్టినది. పెద్ద అంకె మన వాదమునకు అనుకూలముగ నున్నదని దానిని పట్టుకొని ఊగుట, చిన్న అంకె తమకు అనుకూలమని వారు పట్టుకొనుట, రెండును ఒకటే దోషము. అయితే ఒక సంగతి గమనింపవలెను. బ్రిటను ప్రభుత్వము బహిరంగముగా త్రోసిపుచ్చిన ఆ పద్ధతి గట్టిదేయని రక్షణశాఖ శాస్త్ర సలహాదారుడు లోపలి కాగితములలో వ్రాసినట్లు 2007లో బయటపడినది. లెక్క మా పని కాదన్న అమెరికా సైన్యము లెక్క వ్రాయుచునే ఉండెనని 2010లో వెలువడిన రహస్యపత్రములు చూపినవి: మొత్తము 1,09,000 మరణములు, అందు 66,000 మందికి పైగా పౌరులు. అనగా తెలియక ఊరకుండలేదు, తెలిసియే చెప్పలేదు. 2016లో వెలువడిన చిల్కాట్ నివేదిక, పౌరమరణములు తెలిసికొనుటకు బ్రిటను ప్రభుత్వము ఇంకను గట్టి ప్రయత్నము చేసియుండవలసినదని తేల్చి చెప్పినది. పదమూడేండ్లు ఆలస్యముగా.

ఇంతవరకు వ్రాసి ఆపినచో మన పాఠకులు సంతోషింతురు. అందుకే ఆపజాలము.

2003 నాటికి మేము బడిపిల్లలము. శుక్రవారము నమాజు పిదప ఇరాకు ప్రజలకై చేసిన దుఆలో చేతులెత్తి ఆమీన్ అన్నవారము. ఆ దుఆ సరియైనదే. కాని అదే ఇరాకు 1980 నుండి 1988 వరకు ఇరానుతో పోరాడి, ఇరువైపుల లక్షలమంది మట్టిలో కలిసినారు. ఆ ఎనిమిదేండ్లను గూర్చి పెద్దలు మాటలాడగా మేము విన్నది బహుస్వల్పము. 1988 మార్చి 16న హలబ్జా పట్టణముపై సద్దాము విషవాయువు విడువగా సుమారు ఐదువేలమంది కుర్దులు, వారును ముస్లిములే, చనిపోయినారు. ఆ పేరును మేము విద్యార్థులను అడిగి చూచినాము. తరగతిలో ఒక్క చేయి లేవలేదు. సద్దాము దుర్మార్గమును చూపి ఆ యుద్ధమును సమర్థించుట తప్పు. ఆ యుద్ధమును చూపి సద్దాము దుర్మార్గమును మరచుటయు తప్పే.

2006 ఫిబ్రవరి 22న సమర్రాలోని అస్కరీ దర్గాను బాంబులతో కూల్చినారు. ఆ తరువాత రెండేండ్లు ఇరాకీలే ఇరాకీలను దారికాచి, గుర్తింపుకార్డు చూచి చంపినారు. ఉమర్ అన్న పేరుకు ఒకచోట, అలీ అన్న పేరుకు మరియొకచోట ప్రాణము పోయినది. ఈ రెండు పేర్లును మన హాజరుపట్టీలలో ప్రక్కప్రక్కనే ఉన్నవి. విదేశీసేన రాకున్నచో ఈ ఘోరము జరుగదను వాదములో బలము కలదు, మేమును అంగీకరింతుము. అయినను కత్తి పట్టిన చేయి ఎవనిదో ఆ పాపము వానిది కాకపోదు. చంపినవాడు పరాయివాడైనప్పుడే మన కన్ను చెమ్మగిల్లునేని, మనము చచ్చినవానికై ఏడ్చుట లేదు, చంపినవానిపై కసి తీర్చుకొనుచున్నామన్నమాట. లెక్కింపనివారని ఇతరులను తప్పుపట్టుటకు మనకేమి అర్హత?

బాగ్దాదులో ముతనబ్బీ వీధి యని పుస్తకముల అంగళ్ళ వీధి ఒకటి కలదు. మన హైదరాబాదులో ఆదివారము ఆబిడ్సు కాలిబాటపై పాతపుస్తకములు పరచినట్లు అచ్చట శుక్రవారము పరచుదురు. 2007 మార్చి 5న ఆ వీధిలో కారుబాంబు ప్రేలి పాతికమందికి పైగా చనిపోయినారు. కాగితములు కాలి గాలిలో ఎగిరినవి. ఆ బాంబు పెట్టినది అమెరికావారు కారు. ఆ వీధిలోని కాఫీ హోటలు యజమాని ఆనాడు తన కుమారులను పోగొట్టుకొన్నాడు. వీధిని మరల కట్టినారు. అతడును హోటలు మరల తెరచినాడు, బిడ్డల ఫోటోలను గోడకు వరుసగా తగిలించినాడు, చాయి త్రాగవచ్చినవారందరికిని కనబడునట్లు.