రిఫండు వడ్డీ: చట్టం లెక్క, షరీఅత్ లెక్క

జీతంలో ఎక్కువగా కోసిన పన్నును ఆదాయపు పన్ను శాఖ తిరిగి ఇచ్చేటప్పుడు, ఆలస్యానికి కొంత వడ్డీ కూడా కలిపి బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ఇది మళ్ళీ ఆదాయమేనా అని మన పాఠకులలో చాలామందికి సందేహం. దానికి తోడు, ఇది హలాలా, హరామా అన్నది మన ఇళ్ళలో మరో ప్రశ్న.

చట్టం సంగతి స్పష్టం. రిఫండు అసలు మన సొమ్మే కనుక అది ఆదాయం కాదు. దానిపై వచ్చిన వడ్డీ మాత్రం ఆదాయమే. 'ఇతర ఆదాయాలు' కింద, అది అందిన సంవత్సరపు రిటర్నులో చూపాలి. 1961 చట్టంలోని 244ఎ సెక్షను దీనిని నెలకు అర శాతంగా నిర్ణయించింది. 20,000 రూపాయల రిఫండుకు ఎనిమిది నెలల వడ్డీ 800. ఇరవై శాతం పన్ను పడేవారు అందులో 160 రూపాయలు, ఆపైన సెస్సు కట్టాలి.

ఇందులో న్యాయం తక్కువన్నదే మా అభిప్రాయం. మనం పన్ను కట్టడంలో ఆలస్యం చేస్తే ప్రభుత్వం నెలకు ఒక శాతం వసూలు చేస్తుంది. తాను ఆలస్యం చేస్తే అందులో సగమే ఇచ్చి, దానిమీదా పన్ను అడుగుతుంది. ఇలా వడ్డీ ఇచ్చేకంటే రిఫండు సకాలంలో ఇవ్వడమే మేలు. వడ్డీ కోరని ముస్లింకు కావలసిందీ అదే.

ఇక షరీఅత్. సూరె బఖరా వడ్డీని ఎంత తీవ్రంగా నిషేధించిందో మనకు తెలుసు. నిర్బంధంగా కోసే ప్రావిడెంటు ఫండుపై వచ్చే అదనపు సొమ్ము వడ్డీ కాదన్న ముఫ్తీలు ఉన్నారు. ఆ పోలిక రిఫండుకు వర్తిస్తుందా అన్నది ఎవరికి వారు తమ ముఫ్తీ సాహెబును అడిగి తేల్చుకోవాలి. అంతవరకూ ఆ మొత్తాన్ని విడిగా ఉంచడమే జాగ్రత్త. వడ్డీ అని తేలితే పుణ్యాన్ని ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలన్నది ఉలమా సాధారణంగా చెప్పే మాట. ప్రభుత్వం ఇచ్చిన వడ్డీని ఆ ప్రభుత్వపు ఆదాయపు పన్నుకే కట్టవచ్చునన్నవారూ ఉన్నారు. జకాత్ బాకీని మాత్రం దీనితో తీర్చరాదు.

ఒక్కటి మరువరాదు. పేదలకు ఇచ్చేశాం కదా అని రిటర్నులో చూపకపోవడం తగదు. హరామును వదిలించుకోబోయి అబద్ధపు లెక్క రాయడం ఏ ధర్మమూ కాదు. చట్టానికి లెక్క సరిగా చూపుదాం, అల్లాహ్ ముందు లెక్క తేలికయ్యేలా బ్రతుకుదాం.