ఖాళీగా ఉన్నానన్న అమ్మ అల్లిన లేసు

వచ్చే ఆదివారం మీ మందిరంలో సంస్కారపు బల్ల మీద పరిచిన గుడ్డను ఒకసారి దగ్గరగా చూడండి. గోదావరి జిల్లాల సంఘాల్లోనైతే అది చాలావరకు తెల్లని లేసు గుడ్డే అయి ఉంటుంది. పువ్వు పక్కన పువ్వు, పువ్వుకూ పువ్వుకూ మధ్య సన్నని అతుకు. ఆ అతుకు కంటికి ఆనకుండా వేయడమే పనితనం. ఆ గుడ్డ ఎవరు అల్లారు, ఎన్ని రోజులు పట్టింది, ఆమె చేతికి ఎంత ముట్టింది అని మనలో ఎంతమంది అడిగాం? ఇరవై ఏళ్లకు పైగా ఆ బల్ల వెనుక నిలబడిన మేమూ అడగలేదు.

ఇప్పుడెందుకు ఈ మాట అంటారా? ఫోను తెరిస్తే చాలు, 'ఇంట్లో చేసినది', 'అమ్మ చేతి పని', 'మన ఇంటి సంప్రదాయం' అనే పేర్లతో చిన్న వ్యాపారాలు కనబడుతున్నాయి. పచ్చళ్లు, పొడులు, చేనేత దిండు గలీబులు, లేసు టేబుల్ క్లాతులు. హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కున్నవారికీ, డాలస్‌లో, న్యూజెర్సీలో కాపురముంటున్న మన పిల్లలకూ ఇల్లు మన ఇంటిలా కనబడాలని ఆశ. ఆ ఆశే ఈ వ్యాపారాలకు పెట్టుబడి. మంచిదే. మన సంఘాల్లోనూ చదువుకున్న ఆడపిల్లలు, పెళ్లై పిల్లల కోసం ఉద్యోగం మానుకున్న కోడళ్లు ఇలాంటివి మొదలుపెట్టారు. వారిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కానీ 'కుటుంబం' అనే మాట సరుకు మీద చీటీగా అంటుకున్నప్పుడు, ఆ కుటుంబంలో ఎవరికి ఎంత దక్కుతోంది అన్న ప్రశ్న ఆ చీటీ కిందే ఉండిపోతుంది. లేసు కథ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

లేసు మనకు పరాయి కథ కాదు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇంగ్లండు మిషనరీలు వచ్చి నరసాపురం ప్రాంతంలో సేవ మొదలుపెట్టారు. 1844 ప్రాంతంలో స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. దారం, నమూనా ఇచ్చి, అల్లినదాన్ని సముద్రం దాటించి, వచ్చిన డబ్బుతో పేద ఇళ్లకు ఆసరా కల్పించారు. కరువులు వచ్చినప్పుడు ఈ సూది కొన్ని కుటుంబాలకు గంజి పోసిందన్నది నిజం. 20వ శతాబ్దం మొదలయ్యేసరికి అది ఎగుమతి వ్యాపారమైంది. నరసాపురం, పాలకొల్లు, చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటా అరుగు మీద సూది ఆడింది. పేద క్రైస్తవ కుటుంబాలతో మొదలైన పని తర్వాత మిగతా కులాల ఇళ్లలోకీ వెళ్లింది. బయటికి వెళ్లి కూలి చేయడం పరువు తక్కువ అనుకున్న ఇళ్లలో అయితే మరీను. గడప దాటకుండా నాలుగు రూపాయలు వస్తాయి గదా!

ఆ గడపలోనే చిక్కు ఉంది. ఇంట్లో చేస్తే అది పని కాదు, ఖాళీ సమయపు కాలక్షేపం. చేసేది కార్మికురాలు కాదు, గృహిణి. ఖాళీ సమయానికి కూలి లెక్కేముంటుంది? ఇస్తే అదే పదివేలు. మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త నరసాపురంలో ఉండి పరిశీలించి 1982లో ఈ లేసు స్త్రీల మీద ఒక పుస్తకం ప్రచురించారు. వంట, పిల్లలు, నీళ్లు, పశువులు అన్నీ చూసుకుంటూనే ఈ స్త్రీలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారని ఆమె గమనించారు. ప్రపంచ మార్కెట్టు కోసం పని చేస్తున్నవారిని 'ఇంట్లో ఖాళీగా కూర్చునే ఆడవారు' అని పిలవడం వల్లే కూలి అంత తక్కువగా నిలిచిపోయిందని ఆమె వాదన. ఆమె ఇతర సిద్ధాంతాలన్నిటితో మేము ఏకీభవించం. ఈ ఒక్క మాటను మాత్రం కాదనలేకపోతున్నాం.

ఎందుకంటే అది మా చెవులతో విన్నాం. కొన్నాళ్ల క్రితం నరసాపురం దగ్గర ఒక పల్లెలో ప్రార్థనకు వెళ్లాం. ఇంటి తల్లికి అరవై దాటాయి. మేము మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్లు ఆగలేదు. "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగాం. "ఏముందయ్యగారూ, ఖాళీగానే ఉంటాను" అంది. ఆ సమయానికి ఆమె ఒడిలో సగం అయిన పువ్వు ఉంది. పక్కన పళ్లెంలో అయిపోయినవి ఇంకెన్నో ఉన్నాయి. చూపు మసకబారిందట, అందుకని అతుకుపని మానేసి చేతిపని మాత్రమే చేస్తోందట. పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలిపి గుడ్డ చేయడం అతుకుపని. ఒక గుడ్డ నాలుగైదు ఇళ్లు తిరిగితే గాని పూర్తి కాదు. ఎవరి ముక్క వారు చూస్తారు, మొత్తం గుడ్డ చూసేది ఏజెంటు. చివరి ధర తెలిసేది అతని పై వారికి. కూలి ఎంతమ్మా అని అడిగితే ఆమె గంటల్లో చెప్పలేదు, రోజుల్లో చెప్పలేదు. "దారం ఉండకు ఇంత" అంది.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక సూచిక, అంటే జీఐ గుర్తింపు వచ్చింది. పత్రికలు మెచ్చుకున్నాయి, మేమూ సంతోషించాం. ఇక మీద యంత్రం మీద నేసిన లేసును ఆ పేరుతో అమ్మితే చట్టం అడ్డుపడుతుంది. చౌక యంత్రపు సరుకుతో ఈ అల్లిక ఎంత నలిగిందో తెలిసినవారికి ఇది చిన్న సంగతి కాదు. అయితే 1999 నాటి ఆ చట్టం కాపాడేది పేరును. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవలసిన ఆ హక్కు దరఖాస్తు చేసిన సంస్థ పేరున ఉంటుంది. అల్లేవారు, అమ్మేవారు ఎవరికి వారు అధీకృత వినియోగదారులుగా చెన్నైలోని రిజిస్ట్రీలో వేరుగా నమోదు కావాలి. దారం ఉండకు ఎంత ఇవ్వాలో ఆ చట్టంలో ఎక్కడా లేదు, ఉండదు కూడా. సరుకు ధర పెరిగినంత మాత్రాన అరుగు మీది కూలి తనంతట తాను పెరగదు.

మరి అరుగు మీది మనిషికి ప్రభుత్వ పథకాల్లో చోటెక్కడ? 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, బుట్టలల్లేవారున్నారు, చేపల వల అల్లేవారున్నారు, పూలదండలు కట్టేవారున్నారు. లేసు అల్లే అమ్మ లేదు. ఈ-శ్రమ్ పోర్టల్‌లో అసంఘటిత కార్మికురాలిగా చేరవచ్చు, కానీ వయసు 16 నుంచి 59 వరకే. పైన చెప్పిన తల్లి అక్కడా మిగిలిపోయింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో 'ఇంటి ఆధారిత కార్మికులు' అనే మాటకు నిర్వచనముంది. నిర్వచనం ఉండటం మేలే. ఆ నిర్వచనంలోకి రావడానికి మనిషి తాను కార్మికురాలినని ముందు ఒప్పుకోవాలి గదా!

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద 50 శాతం సుంకం వేసినప్పుడు రొయ్యల రైతుల గోడు అందరికీ వినబడింది, వినబడాలి కూడా. లేసు కొనేవారిలోనూ విదేశీయులు ఎక్కువే. అయితే లేసు ఆర్డరు ఆగితే ఏ ఫ్యాక్టరీ గేటూ మూయనక్కరలేదు, ఎవరికీ నోటీసు ఇవ్వనక్కరలేదు. ఆ వారం దారం రాదు, అంతే. పని పోయిందని లెక్క రాయడానికి, పని ఉన్నట్టు ముందు ఎక్కడా రాసి లేదు.

అలాగని ఇంట్లో పని చేయించడమే పాపమని మేము అనడం లేదు. అందరినీ షెడ్డులో కూర్చోబెట్టాలనీ అనం. పసిబిడ్డ ఉన్న తల్లికి, మంచం మీద అత్తగారు ఉన్న కోడలికి గడప లోపలి సంపాదన ఒక్కోసారి దేవుడిచ్చిన దారి. అదే గడప లోపలి పనిని వేరే విధంగా నడిపినవారున్నారు. 1959 మార్చి 15న బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్. అక్కడ పిండి ఇంటికి తీసుకెళ్లి, వత్తిన అప్పడాలు తెచ్చి ఇచ్చే ప్రతి స్త్రీ కూలి మనిషి కాదు, భాగస్వామి. లాభమైనా నష్టమైనా అందరిదీ. 1972లో ఇలా భట్ అహ్మదాబాదులో సేవా సంస్థను స్థాపించి, ఇళ్లలో పని చేసే స్త్రీలను యూనియనుగా కట్టారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి పనివారి కోసం 177వ ఒప్పందాన్ని ఆమోదించడం వెనుక ఆ స్త్రీల ఒత్తిడి ఉంది. మన దేశం ఇంకా దాన్ని ధ్రువీకరించలేదు. ఇల్లు అదే, చేతులు అవే. తేడా అంతా లెక్క పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నదే.

ఆన్‌లైనులో అమ్మే చిన్న వ్యాపారుల కష్టమూ మాకు తెలుసు. కొరియరు ఖర్చు వారిది, తిరిగొచ్చిన పార్సిలు వారిది. 'ఉచిత డెలివరీ లేదా?' అని అడిగేది మనమే. మా ఎరుకలో ఒక చెల్లెలు అల్లినవారికి ముందే డబ్బిచ్చి, అమ్ముడుపోని సరుకు తన బీరువాలో పెట్టుకుంది. అలాంటివారు మరింతమంది ఉండాలంటే కొనేవారి బేరం కాస్త తగ్గాలి. ఈ విషయంలో మొదటి దోషులం మేమే. ఒకసారి జూబిలీ కోసం మందిరానికి లేసు గుడ్డ చేయించినప్పుడు, 'దేవుని పనికి కదా' అని ఏజెంటు దగ్గర గట్టిగా బేరం చేసి ధర తగ్గించాం. కమిటీ మమ్మల్ని మెచ్చుకుంది. ఆ తగ్గించినది ఏజెంటు జేబులోంచి పోయిందని ఆనాడు నమ్మాం.

మాతృ దినోత్సవాన సామెతలు 31వ అధ్యాయం మీద మనమంతా ప్రసంగాలు చేస్తాం. గుణవతి తెల్లవారకముందే లేచిందనీ, రాత్రి దీపం ఆర్పలేదనీ గొంతెత్తి చెబుతాం. ఆమె తాను తయారుచేసిన నడికట్లను వర్తకులకు అమ్మిందన్న మాట దగ్గర ఆగం. ఆమె చేతి పనికి తగిన ఫలం ఆమెకే ఇవ్వమనే చివరి వచనం దగ్గరికి వచ్చేసరికి ప్రసంగానికి టైము అయిపోతుంది! కూలివాని కూలి పొద్దు గుంకక ముందే ఇవ్వమన్న ధర్మశాస్త్రపు ఆజ్ఞకు అరుగు మీద పని, ఇంటి లోపలి పని అని మినహాయింపు లేదు.

2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలవారు మన ఇళ్లకు వస్తారు. పని చేస్తున్నారా అని అడుగుతారు. గత లెక్కల్లో సేద్యం, వ్యవసాయ కూలి పక్కనే గృహ పరిశ్రమ అనే వర్గమూ ఉంది. లేసు అల్లే అమ్మ ఆ రోజు 'ఏమీ చేయను' అంటే మరో పదేళ్లపాటు ఆమె ఏమీ చేయనిదిగానే ఉండిపోతుంది. ఆమె అనకపోయినా పక్కనున్న కొడుకో భర్తో అంటాడు. స్త్రీల సమాజపు కూడికల్లో ఈ సంగతి ముందే చెప్పడానికి కాపరులకు ఏ ఖర్చూ లేదు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ ఇచ్చే 'పెహచాన్' గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయించడానికి ఆధార్ కార్డూ, చదువుకున్న ఒక యువకుడి మధ్యాహ్నమూ చాలు.

ఈ సంపాదకీయం రాయబోయే ముందు మా సంఘ సభ్యత్వపు పుస్తకం తీసి చూశాం. వృత్తి అనే గడిలో మగవారి పేర్లకు ఎదురుగా టీచరు, రైతు, మేస్త్రి, ఆటో అని ఉంది. ఆడవారిలో టీచర్లనూ నర్సులనూ మినహాయిస్తే పేజీ తర్వాత పేజీ 'గృహిణి'. ఆ చేతిరాత చాలావరకు మాదే. వారిలో ఎవరు మిషను కుడతారో, ఎవరు లేసు అల్లుతారో, ఎవరు పొరుగూరి కొట్టుకు పచ్చళ్లు పెట్టి ఇస్తారో మాకు తెలుసు. ఈ నెలలో ఇళ్ల సందర్శనకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్తున్నాం.