ఎవరి ఆది జాకెట్టు ఇది?

మార్చి నెల వస్తే చాలు, ఆడవాళ్ల పేజీల్లో ఒక కథ తప్పకుండా వస్తుంది. ఒకావిడ ఉంటుంది, మంచి ఉద్యోగం చేస్తుంటుంది. పాపో బాబో పుడతారు. "సొంతంగా ఏదైనా చెయ్యాలన్న తపన"తో ఇంటి ముందుగదిలో రెండు మిషన్లు వేసి బొటిక్ మొదలుపెడుతుంది. నాలుగు పేరాలు దాటేసరికి రెండో బ్రాంచి తెరిచేస్తుంది. చివర్లో తప్పనిసరిగా ఒక ప్రశ్న: "ఇల్లు, పిల్లలు, ఉద్యోగం, వ్యాపారం... ఇన్నిటినీ ఎలా బ్యాలెన్స్ చేస్తున్నారు?" ఆవిడ నవ్వుతుంది. "ఫ్యామిలీ సపోర్ట్ అండీ" అంటుంది. ఫొటోలో ఆవిడ వెనకాల బొమ్మకి తొడిగిన లంగావోణీ.

ఈ కథలంటే నాకు ఒళ్లుమంట. అసూయ అనుకునేవాళ్లు అనుకోండి. నేనూ నిజాంపేటలో రెండేళ్లు బొటిక్ నడిపి మూసేసినదాన్నే. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రాలూ శని ఆదివారాలూ బొటిక్, ఇంట్లో మూడేళ్ల పాప. మూసేసిన రోజు నుంచీ అందరూ నాతో అన్నమాట ఒక్కటే: "పాపం, బ్యాలెన్స్ కుదరలేదు." అంటే లోపం నాలో ఉందన్నమాట. తీగ మీద నడిచేవాళ్లు నడుస్తున్నారు, నేను జారిపడ్డాను. అసలు నేల మీద నడవాల్సిన మనిషిని తీగెక్కించిందెవరు అని మాత్రం ఎవరూ అడగరు.

కొత్త జాకెట్టు కుట్టించుకోవాలంటే పాత జాకెట్టు ఒకటి కొలతకి ఇస్తాం. ఆది జాకెట్టు. మాస్టర్ దాన్ని పరిచి, దాని ప్రకారం కట్ చేస్తాడు. మన ఒంటి కొలత కాకుండా పక్కింటావిడ జాకెట్టు ఆదికి ఇస్తే ఏమవుతుంది? చంకల దగ్గర పట్టేస్తుంది. మార్చి నెల కథలు చేసేది ఇదే. ఎవరిదో జాకెట్టు తెచ్చి మన ముందు పడేసి, "నీకెందుకు పట్టదు? కొంచెం ఊపిరి బిగబట్టు" అంటాయి.

మొదటి ప్రశ్న, బొటిక్కే ఎందుకు? ఉద్యోగం మానేసిన తల్లికి, మానలేక సతమతమయ్యే తల్లికి, చుట్టాలందరూ ఇచ్చే సలహా ఇదే. "నీకు టేస్ట్ ఉంది కదమ్మా, ఒక బొటిక్ పెట్టుకోరాదూ?" అదే మనిషి హార్డ్‌వేర్ షాపు పెడతానన్నా, లారీ కొని ట్రాన్స్‌పోర్ట్ నడుపుతానన్నా ఇదే ఉత్సాహం చూపిస్తారా? బొటిక్‌కి అనుమతి సులువుగా దొరుకుతుంది. ఎందుకంటే అది వాళ్ల కళ్లకి పనిలా కనపడదు. చీరలు, రంగులు, నలుగురు ఆడవాళ్లు, కాస్త కబుర్లు. ఇంట్లోనే ఉంటుంది, పొయ్యి మీద పాలు పొంగితే వినపడుతుంది. డబ్బులొస్తే "పర్లేదే" అంటారు, రాకపోతే "పోనీలే, టైంపాస్" అంటారు. మనకి దొరికిన ఆ అనుమతిలోనే మన పనిని పని కాదనే మాట దాక్కుని ఉంది. తర్వాత జరిగే ప్రతిదీ అక్కణ్ణించే మొదలవుతుంది.

అది పని కాదు కాబట్టే దానికి లెక్క ఉండదు. ఏ ఇంటర్వ్యూలోనూ రాని లెక్క నేను చెప్తాను. ఇది మా వీధి లెక్క, మీ ఊళ్లో అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

లైనింగ్ జాకెట్టుకి నేను తీసుకున్నది 700. మాస్టర్‌కి 300. లైనింగ్ గుడ్డకి 90. హుక్కులు, దారం, పైపింగ్ కలిపి 40. చేత్తో హెమ్మింగ్ చేసి హుక్కులు కుట్టినందుకు 30. మిగిలేది 240. ఇప్పుడు నెల ఖర్చు: గది అద్దె 14,000, కరెంటు 2,000, నేను ఆఫీసులో ఉన్నప్పుడు కౌంటర్ చూసుకునే అమ్మాయికి 8,000. మొత్తం 24,000. అంటే నెలకి వంద జాకెట్లు కుడితే సున్నా. నూట ఒకటో జాకెట్టు నుంచి నాది. కానీ చెయ్యి తిరిగిన మాస్టర్ రోజుకి లైనింగ్ జాకెట్లు నాలుగు కుడతాడు. పాతిక రోజులు కుడితే సరిగ్గా వంద! నూట ఒకటో జాకెట్టు కావాలంటే రెండో మాస్టర్ కావాలి, రెండో మిషన్ కావాలి, వాళ్లకి అడ్వాన్స్ ఇవ్వాలి. ఆ అడ్వాన్స్ తీసుకుని మాస్టర్ పక్కవీధి బొటిక్‌కి వెళ్లిపోతే ఏడ్చుకోవాలి. కస్టమర్ పట్టుగుడ్డ కటింగ్‌లో పాడైతే గుడ్డ కొనిచ్చేది మనమే. మగ్గం వర్క్ మీద ఇంకాస్త మిగులుతుంది, నిజమే. కానీ అక్కడా డిజైన్ నచ్చలేదన్న మాట వచ్చేది డెలివరీ రోజునే.

ఇక మూఢం. మూఢంలో ముహూర్తాలుండవు. ముహూర్తాల్లేకపోతే జాకెట్లుండవు. అద్దెకి మాత్రం మూఢం లేదు. అలాంటి రెండు నెలలు అద్దె నా ఉద్యోగం జీతంలోంచి కట్టాను. చాలామంది భర్త జీతంలోంచి కడతారు. ఇంటర్వ్యూలో దాని పేరే "ఫ్యామిలీ సపోర్ట్".

ఈ లెక్క మొత్తంలో ఒక మనిషి కూలి లేదు గమనించారా? నాది. మదీనాకి వెళ్లి గుడ్డలు తెచ్చిన ఆదివారాలు, రాత్రి పదకొండింటికి "అక్కా, రేపే ఫంక్షన్, అయిపోయిందా?" అన్న వాట్సాప్ మెసేజీలకి జవాబులు, కొలతలు రాయడం, చంకలు బిగుతయ్యాయంటే విప్పి కుట్టించడం. వీటికి గంటకింత అని రాసుకుంటే, ఆ రెండేళ్లూ నేను బొటిక్‌కి యజమానిని కాదు, జీతం లేని ఉద్యోగిని.

మరి ఆ గంటలెక్కడివి? కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ఉంది. 2019లో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 299 నిమిషాలు పెట్టారు. ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్లు 97 నిమిషాలు. 2024లో మళ్లీ సర్వే చేశారు. ఆడవాళ్లవి 289, మగవాళ్లవి 88. ఐదేళ్లలో మనకి పది నిమిషాలు తగ్గాయి. వాళ్లకీ తొమ్మిది తగ్గాయి! మన పది నిమిషాలు వాషింగ్ మెషీన్‌కి పోయాయో, పనిమనిషికి పోయాయో, ఫోన్‌లో ఆర్డరిచ్చిన బిర్యానీకి పోయాయో తెలీదు గానీ, మగవాళ్ల చేతుల్లోకి మాత్రం పోలేదు. ఈ దాదాపు ఐదు గంటల మీద ఉద్యోగం, ఆ పైన బొటిక్. బ్యాలెన్స్ అంటే తక్కెడ గుర్తొస్తుంది. తక్కెడకి రెండు పళ్లేలుంటాయి. ఇక్కడ ఉన్నది ఒకటే పళ్లెం, అన్నీ అందులోనే.

చట్టం ఏం చేస్తోందంటారా? 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకీ సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల కోసం క్రెష్ ఉండాలన్నారు. మంచిదే. నేను ఆ సెలవు తీసుకున్నదాన్నే, కృతజ్ఞత ఉంది. కానీ ప్రైవేటులో పనిచేసే తండ్రికి ఒక్కరోజు సెలవు కూడా ఆ చట్టంలో లేదు. బిడ్డ తల్లి పని అని చట్టమే రాసి పెట్టింది. ఇక ముగ్గురు మనుషులుండే బొటిక్‌కి ఆ చట్టంతో సంబంధమే లేదు. శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం ముందు వారంలో మా పాపకి జ్వరం వచ్చింది. ఆ వారం నేను ఆఫీసుకి సెలవు పెట్టగలిగాను, బొటిక్‌కి పెట్టలేకపోయాను. సొంత వ్యాపారంలో "మన టైం మన చేతిలో ఉంటుంది" అనేవాళ్లు శ్రావణమాసంలో ఒక బొటిక్‌లోకి వచ్చి చూడాలి.

ఇంతవరకూ నా గోడు. ఇక్కడితో ఆపేస్తే నేనూ ఆ మార్చి కథలనే తిరగేసి రాసినదాన్నవుతాను. నాకు నిజంగా సిగ్గేసే సంగతి వేరే ఉంది.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య చీరలకి ఫాల్ కుట్టేది. చీర ఫాల్‌కి, పీకోకి కలిపి నేను కస్టమర్ దగ్గర 120 తీసుకునేదాన్ని. ఫాల్ చేత్తో కుట్టినందుకు ఆమెకి 35 ఇచ్చేదాన్ని. సెల్లార్‌లో ఒకటే గది. చీర ఉయ్యాల్లో చిన్నవాడు, ఆ ఉయ్యాల తాడు ఆమె కాలి బొటనవేలికి, ఒళ్లో ఎవరిదో కంచిపట్టు చీర. పాలమరక పడితే ఆ చీర ఖరీదు ఆమె కుటుంబం కొన్ని నెలల తిండి. ఒకరోజు పైకొచ్చి, "అక్కా, ఇంకో పది రూపాయలు పెంచండక్కా" అంది. "చూద్దాంలేమ్మా, ఈ మూఢం అవనీ" అన్నాను. మూఢం అయింది. ఆమె మళ్లీ అడగలేదు, నేను పెంచలేదు.

ఇల్లు, పిల్లలు, పని. మూడూ ఆమెకీ ఉన్నాయి. ఆమెని ఎలా బ్యాలెన్స్ చేస్తున్నావని ఎవరైనా అడిగారా? నా తక్కెడ కాసేపైనా నిలబడిందంటే, దాని కింద రాయి పెట్టినట్టు ఆమె ఉంది కాబట్టి. పాతబస్తీలో మగ్గం ముందు నడుం వంచి కూర్చునే కారీగర్లు, చేతిపని ఇళ్లకి తీసుకెళ్లే ఆడవాళ్లు, మా కౌంటర్ దగ్గర ఎనిమిది వేలకి రోజంతా నవ్విన ఆ డిగ్రీ అమ్మాయి. "మహిళా సాధికారత" అనే ఫొటోలో ఫ్రేము బయట నిలబడ్డవాళ్లు వీళ్లందరూ.

ఇది కొత్త విషయమేం కాదు. 1970ల మొదట్లో అహ్మదాబాద్‌లో, కాంట్రాక్టర్లు తమని దోచుకుంటున్నారని దర్జీపని చేసే ఆడవాళ్లు ఫిర్యాదు చేస్తే జౌళి కార్మిక సంఘం మహిళా విభాగం సర్వే చేసింది. ఆ విభాగం నుంచే 1972లో ఇలా భట్ "సేవ"ని స్థాపించారు. ఇంట్లో కూర్చుని కుట్టే ఆడమనిషి కూడా కార్మికురాలే అని చెప్పడానికే పెద్ద పోరాటం చెయ్యాల్సొచ్చింది. పిల్లల్ని చూసుకునే కేంద్రాలు ఉంటే తప్ప ఆ కార్మికురాలి సంపాదన నిలబడదని గ్రహించి వాటినీ నడిపారు. ఇళ్ల నుంచి పనిచేసేవాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒడంబడిక తెచ్చింది. మన దేశం ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. సెల్లార్‌లో ఫాల్ కుట్టే మనిషికి రేటు ఎవరు నిర్ణయిస్తారు? నేను. నా మూడ్. నా మూఢం.

"అయితే బొటిక్‌లు పెట్టొద్దంటావా?" అని ఈపాటికి ఎవరో అడుగుతూనే ఉంటారు. కాదు. ఆ రెండేళ్లలో నాకు దక్కినవి కూడా ఉన్నాయి, దాచను. ట్రయల్ రూం తెర వెనక ఆడవాళ్లు మాట్లాడే మాటలు ఇంకెక్కడా వినలేదు. యాభై దాటినావిడ ఒకరు మొదటిసారి స్లీవ్‌లెస్ కుట్టించుకుని, అద్దంలో తన భుజాలని తనే కొత్తగా చూసుకోవడం చూశాను. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని మూడు వేల రూపాయలు పర్సులో ఉంటే నడకే మారిపోతుందని నాకూ తెలుసు. అందుకే ఈ కోపం. ఇంత విలువైన పనిని టైంపాస్ అని, తపన అని, బ్యాలెన్స్ అని చవగ్గా చుట్టేస్తున్నారనే కోపం.

పెద్ద ఉదాహరణలు చూపించి నోరు మూయించేవాళ్లూ ఉన్నారు. "నైకా ఫల్గుణీ నాయర్‌ని చూడు, యాభై ఏళ్లప్పుడు మొదలుపెట్టలేదా?" చూశాను. 2012లో ఆవిడ ఆ కంపెనీ పెట్టేనాటికి ఒక పెద్ద పెట్టుబడి బ్యాంకులో మేనేజింగ్ డైరెక్టర్ స్థాయిలో పనిచేసి వచ్చారు. ఆవిడ తెలివినీ, కష్టాన్నీ నేను తక్కువ చెయ్యను. కానీ ఆవిడ కథలో వయసుని మాత్రం పట్టుకుని, పరపతిని వదిలేసి, నిజాంపేటలో మిషన్ కొనడానికి గాజులు తాకట్టు పెట్టినావిడకి ఆదిగా ఇవ్వడం మోసం.

పి. సత్యవతి "ఇల్లలకగానే" కథ మనలో చాలామంది చదివాం. ఇల్లలుకుతూ అలుకుతూ ఒకావిడ తన పేరు మర్చిపోతుంది. ఆ కథ చదివి కళ్లు తడుచుకున్నదాన్ని, నా బొటిక్ బోర్డు మీద ఎవరి పేరు రాయించానో తెలుసా? మా పాప పేరు. మీ వీధిలో బోర్డులు ఒకసారి చూడండి. సగం కూతుళ్ల పేర్లు, కొన్ని అత్తగార్ల పేర్లు, ఇంకొన్ని అమ్మవార్ల పేర్లు. పెట్టుబడి పెట్టి, నడుం నొప్పి తెచ్చుకుని, నష్టం మోసిన మనిషి పేరు మాత్రం జీఎస్టీ కాయితం మీద కూడా ఒక్కోసారి ఉండదు, అక్కడ భర్త పేరుంటుంది.

కాబట్టి వచ్చే మార్చిలో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకి నా మనవి. బ్యాలెన్స్ సంగతి వదిలెయ్యండి. ఇవి అడగండి: పెట్టుబడి ఎవరిది? కాయితాలు ఎవరి పేరున ఉన్నాయి? నీ జీతం నువ్వు ఎంత రాసుకుంటున్నావు? నువ్వు గుడ్డలకి వెళ్లినప్పుడు బిడ్డకి అన్నం పెట్టేదెవరు, ఆ మనిషికి ఏమిస్తున్నారు? మీ ఆయన్ని కూడా పిలవండి, ఆయనెలా బ్యాలెన్స్ చేస్తున్నారో కనుక్కుందాం. అన్నిటికంటే ముందు, ఫాల్ కుట్టినందుకు ఎంతిస్తున్నావు?

ఆ చివరి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ పది రూపాయలు పెంచేదాన్నేమో. బొటిక్ మూసేశాక ఒకరోజు ధైర్యం చేసి సెల్లార్‌లోకి వెళ్లాను. వాచ్‌మన్ మారిపోయాడు. వాళ్లెక్కడికి వెళ్లారో ఎవరికీ తెలీదు. ఆమె పేరు నా లెక్కల పుస్తకంలో చూద్దామని తిరగేశాను. ప్రతి పేజీలోనూ "ఫాల్ ఆంటీ: 35" అనే ఉంది.