ఒక జాతి నశించిన పిదప

అమెరికా టెలివిజనులో 1966 సెప్టెంబరు మొదలు 1969 జూను వఱకు ప్రసారమైన ‘స్టార్ ట్రెక్’ అను వైజ్ఞానిక కల్పనా ధారావాహికను మన పాఠకులలో పెద్దలు కొందఱు 1980 దశకమున దూరదర్శన్‌లో చూచియుందురు. ఆ కథను 2009లో జె. జె. ఏబ్రమ్స్ దర్శకత్వమున మరల మొదటినుండి ఆరంభించి చలనచిత్రముగ తీసిరి. 2013లోను, 2016లోను మఱి రెండు చిత్రములు వెలువడినవి. మొదటి చిత్రమునకు ప్రపంచమంతట 38 కోట్ల డాలర్లకు పైగా రాబడి వచ్చినది. అట్టి చిత్రముపై మాకుగల అసంతృప్తిని ఈ పత్రికలో వ్రాయనేల యని కొందఱు అడుగవచ్చును. ఒక జాతి తన నేలను కోల్పోవుట అందలి కథావస్తువు. పరభాషా రాష్ట్రములలో తరతరములుగా నివసించుచున్న మనకు ఆ విషయమున ఒక మాట చెప్పు అర్హత కలదని మా విశ్వాసము.

స్పాక్ అను పాత్రకు పుట్టినిల్లు వల్కన్ గ్రహము. దాని జనాభా 600 కోట్లు. పగబట్టిన నీరో అను రోమ్యులన్ నాయకుడు గ్రహగర్భము వఱకు తొలిపించి, దానిని నిమిషములలో రూపుమాపును. తన లోకము నశించినదను దుఃఖమే ఆతని పగకు మూలము. దానినిగూడ చిత్రము పైపైన తడవి విడిచెను. మిగిలిన వల్కన్లు పదివేలమంది కంటె ఎక్కువ లేరు. ఆ పిదప చిత్రము ఏమి చేయును? పరుగెత్తును! స్పాక్ తల్లి మరణమునకు కొంత శోకము, ఆతని కోపమునకు ఒక కొట్లాట, అంతతో సరి. ఆ పదివేలమంది ఎచట తలదాచుకొనిరి? వారి పిల్లలకు ఏ భాషలో చదువు చెప్పుదురు? వారి విద్యాపీఠము, వారి వివాహవిధులు ఏమైనవి? కడపట ఒక క్రొత్త వలస ఏర్పడుచున్నదని ఒక్క మాట వినబడును. ఊరిలో పాతిక కుటుంబములు మిగిలినపుడు ఒక బడిని, ఒక గ్రంథాలయమును నిలుపుకొనుటకు ఎంత పెనుగులాట కావలయునో ఎఱిగినవారికి ఈ తొందర మింగుడుపడదు.

పాత ధారావాహికలో 1967 మార్చిలో ప్రసారమైన గని కథను తలచుకొందము. జానస్ అను గ్రహపు గనిలో ఒక రాతిప్రాణి పనివారిని చంపుచుండును. యాభైమందికి పైగా బలియైరి. నౌకాధిపతి కర్క్ దానిని మట్టుపెట్టుటకే వచ్చెను. స్పాక్ దాని మనస్సును తన మనస్సుతో తాకి నిజము గ్రహించును. యాభైవేల ఏండ్లకొకమాఱు ఆ జాతియంతయు నశించును; గ్రుడ్లను కాచుటకు ఒక్క తల్లి మాత్రము మిగులును. పనికిమాలిన గుండ్లని పనివారు పగులగొట్టినవి ఆ గ్రుడ్లే. వైద్యుడు మెకాయ్ కాంక్రీటుతో దాని గాయమును పూడ్చును. తుదకు ఇరువురకును ఒడంబడిక కుదురును: పిల్లలు సొరంగములు తొలుచును, మనుష్యులు ఖనిజమును తీసికొందురు. చవుక తొడుగులో నటుడొకడు ప్రాకుచున్నాడని తెలియుచునే యుండును. అయినను ఆ తల్లి కొఱకు మనస్సు కలతపడును. నూతన చిత్రమున 600 కోట్లమంది కొఱకు కలతపడుటకు మాకు వ్యవధి దొరకలేదు.

పాతదానిలో దోషములు లేవని మేము అనము. మూడవ సంవత్సరపు కథలు కొన్ని ఓపికతో చూడవలసినవే.

ఉహూరా అను పేరు ‘స్వాతంత్ర్యము’ అను అర్థముగల స్వాహిలీ పదమునుండి వచ్చినది. 1967లోని మఱియొక కథలో జ్ఞాపకశక్తి తుడిచిపెట్టుకొనిపోగా ఆమె మరల ఇంగ్లీషు చదువ నేర్చుకొనుచు, విసుగు కలిగినపుడు స్వాహిలీలో మాటలాడును. ఇంటిభాష గల మనవారికి ఈ చిన్న ఘట్టము వేఱుగ వివరింప నక్కఱలేదు. నూతన చిత్రములు ఆమెను బహుభాషావేత్తగ చూపుట మెచ్చదగినదే. 2013 చిత్రమున ఆమె క్లింగాన్ భాషలో సంధిమాటలాడును గూడ. ఆ మాటలు తుపాకుల మ్రోతలో ముగియును.

అదే చిత్రమున మఱియొక వింత. 1967లో ఖాన్ నూనియన్ సింగ్ ఉత్తర భారతపు సిక్కు కాబోలునని నౌకలోని చరిత్రకారిణి ఊహించెను. ఆ పాత్రను ధరించిన రికార్డో మాంటల్‌బాన్ మెక్సికోలో జన్మించినవాడైనను, పాత్రకు ఒక దేశము, ఒక కులగోత్రము కలవు. 2013లో ఆ పేరుతో ఆంగ్ల నటుడు బెనెడిక్ట్ కంబర్‌బాచ్ వచ్చెను. సింగ్ అను ఇంటిపేరు ఎట్లు వచ్చినదో చెప్పువారే లేరు.

జస్టిన్ లిన్ దర్శకత్వము వహించిన 2016 చిత్రము కొంత మేలు. అందు స్పాక్ నౌకను విడిచి, మిగిలిన తనవారి నడుమకు పోవలెనా యని తర్జనభర్జన పడును. ఏడేండ్లుగా మేము ఎదురుచూచిన ప్రశ్న అదియే. దానికి దొరకినవి కొలది నిమిషములు. పిదప కర్క్ మోటారుసైకిలు నెక్కును.