మాట కాదు, కాగితం కావాలి



కార్డింగ్ ఖాతాలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక సోదరుణ్ణి సూపర్‌వైజరు పిలిచి, "రేపటి నుంచి వైండింగ్‌కు రా, జీతం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఒప్పుకోవాలా, వద్దా అని ఆయన యూనియన్ ఆఫీసుకు వచ్చి మమ్మల్ని అడిగారు.

మేము వద్దనలేదు. కార్డింగ్ దుమ్ము ఊపిరితిత్తులను ఎంత తినేస్తుందో మాకు తెలుసు. ఆ ఖాతా వదలడం మంచిదే. కానీ "తర్వాత చూద్దాం" అన్న మాటను నమ్ముకుని సంసారం నడవదు. నెల జీతమా, పీసు రేటా? కరువు భత్యం తగ్గుతుందా? పాత సర్వీసు కలుస్తుందా? ఎన్ని డ్రమ్ములు చూడాలి? రాత్రి షిఫ్టు ఉందా? అక్కడ కుదరకపోతే పాత చోటు దక్కుతుందా? ఈ ఆరింటికీ జవాబు కాగితం మీద రావాలి.

జీతం, భత్యాలు, పనిగంటలు కార్మికుడికి నష్టం కలిగేలా మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 9-ఎ సెక్షన్ చెప్పింది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షన్‌లోనూ ఆ నోటీసు నియమం ఉంది.

అలాగని కోపంతో పని మానకండి. ఆజ్ఞ ధిక్కరించాడని చార్జిషీటు ఇస్తారు. ముందు అభ్యంతరం రాసి ఇవ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి, ఆ తర్వాత మిషను దగ్గర నిలబడండి. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు యూనియన్‌కు చూపండి.

ఆ సోదరుడి అర్జీ ఆఫీసుకు చేరింది. ఈరోజు ఆయనకు వచ్చే జవాబే రేపు మనందరికీ వర్తిస్తుంది. అందుకే ఆ అర్జీ వెనుక మనమంతా నిలబడాలి.