ట్రాక్టర్ రైతుది, తాళంచెవి కంపెనీదా?

ప్రభుత్వ నిబంధనలు వ్యాపారాన్ని కుంటుపరుస్తున్నాయని అమెరికాలో బడా కంపెనీలు తరచూ గగ్గోలు పెడుతుంటాయి. తమకు లాభించే నిబంధనల గురించి మాత్రం నోరు మెదపవు. ట్రాక్టర్ల వ్యవహారమే ఇందుకు నిదర్శనం.

అక్కడి ట్రాక్టర్లు, హార్వెస్టర్లు ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కు కంపెనీ వేసిన తాళాన్ని అనుమతి లేకుండా తీయడం 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం ప్రకారం చట్టవిరుద్ధం. పాటలు, సినిమాల దొంగ నకళ్లను అరికట్టడానికని తెచ్చిన చట్టం చివరకు రైతు చేతిలోని పానాకు అడ్డుపడింది. కోతల వేళ యంత్రం మొరాయిస్తే డీలరు మెకానిక్ వచ్చేదాకా పంట చేలోనే ఉండాలి. అతను అడిగినంతా ఇవ్వాలి.

2015లో రైతు సొంతంగా మరమ్మతు చేసుకోవడానికి మినహాయింపు లభించింది. కానీ అందుకు అవసరమైన పరికరాలు, సమాచారం ఇవ్వాలన్న బాధ్యతను కంపెనీలపై పెట్టలేదు. ఆ పని 2023లో కొలరాడో రాష్ట్రం చేసింది. విడిభాగాలు, సాఫ్ట్‌వేర్, మాన్యువళ్లు రైతుకూ బయటి మెకానిక్‌కూ అందించాలని చట్టం చేసి, 2024 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చింది. వ్యవసాయ యంత్రాలకు ఇలాంటి చట్టం చేసిన తొలి అమెరికా రాష్ట్రం అదే.

రైతు చేతులు కట్టేసిందీ చట్టమే, ఆ కట్లు విప్పిందీ చట్టమే. అందుకే నియంత్రణలు ఎత్తేయాలని ఎవరైనా అంటే, ఏ నియంత్రణ, ఎవరి మీద ఉన్నదని రైతు సంఘాలు మొదట నిలదీయాలి.